తెగిన స్టడ్, వణికే స్టీరింగ్: వీల్ స్పేసర్లు బిగించిన ఒక స్విఫ్ట్ కేస్ స్టడీ

విజయవాడ ఆటోనగర్‌లో సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్ పనులు చేసే మా వర్క్‌షాపుకు వచ్చిన ఒక రెండో తరం మారుతీ స్విఫ్ట్ కారు వివరాలను ఇక్కడ పూర్తిగా నమోదు చేస్తున్నాను. యజమాని మచిలీపట్నానికి చెందిన యువకుడు. ఉద్యోగం పని మీద తరచూ 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా విజయవాడకు వచ్చి వెళ్తుంటారు. వేగం 80 దాటితే స్టీరింగ్ వణుకుతోందని, బ్రేకు వేసినప్పుడు ఎడమవైపు ముందు చక్రం నుంచి టక్కుమని శబ్దం వస్తోందని ఆయన ఫిర్యాదు. మా దగ్గరకు రాకముందే వేర్వేరు చోట్ల పలుమార్లు వీల్ బ్యాలెన్సింగ్, ఒకసారి అలైన్‌మెంట్ చేయించారు. "మెషిన్ మీద ప్రతిసారీ సున్నా చూపిస్తున్నారు సార్, హైవే ఎక్కగానే మళ్ళీ అదే వణుకు" అన్నారు. అలైన్‌మెంట్ కాగితం కూడా చూపించారు. అందులో అంకెలన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి.

అదే ముందు చక్రానికి నాలుగు నట్లలో ఒకటి లేదు. అది వదులై ఎక్కడో పడిపోయి ఉంటుందని ఆయన అనుకున్నారు, కొత్త నట్టు ఒకటి వేసి పంపమని అడిగారు. మేము ఆ కారును టెస్ట్ డ్రైవ్‌కు తీసుకువెళ్ళలేదు. నట్టు లేని చక్రం వణుకుతూ శబ్దం చేస్తుంటే, ఆ చక్రాన్ని విప్పి చూడకుండా రోడ్డు మీద పరీక్షించడానికి ఏ మెకానిక్కూ ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

కారుకు కంపెనీ చక్రాలు లేవు. వాటి స్థానంలో 7 అంగుళాల వెడల్పు ఉన్న 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు, 195/50 ఆర్16 టైర్లు ఉన్నాయి. అవి కూడా ఫెండర్ కంటే లోపలికి ఉన్నట్టు కనిపిస్తున్నాయని యాక్సెసరీల దుకాణంలో చెబితే, నాలుగు చక్రాలకూ స్పేసర్లు, అంటే చక్రానికీ అది బిగించే హబ్‌కూ మధ్య పెట్టే లోహపు పలకలు, వేయించారు. ముందు చక్రాలకు 10 మిల్లీమీటర్ల సాదా స్పేసర్లు, వెనుక చక్రాలకు సొంత స్టడ్‌లు (నట్లు ఎక్కే మర కడ్డీలు) ఉన్న 20 మిల్లీమీటర్ల బోల్ట్-ఆన్ స్పేసర్లు. ఈ సంగతి ఆయన తనంతట తాను చెప్పలేదు, మేము అడిగితే చెప్పారు. దాచాలన్న ఉద్దేశం ఆయనకు లేదు. వణుకుకూ స్పేసర్లకూ సంబంధం ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇంతకుముందు బ్యాలెన్సింగ్ చేసినవారు చక్రాన్ని విప్పినప్పుడల్లా ఆ స్పేసర్ వాళ్ళ కళ్ళెదుటే ఉండి ఉండాలి.

ముందు చక్రాలు విప్పినప్పుడు

కారును లిఫ్ట్ మీదకు ఎత్తి ముందు ఎడమ చక్రం నట్లను ఎయిర్ గన్ లేకుండా చేతి పానాతో విప్పాము. ఇలాంటి కేసుల్లో నట్టు ఎన్ని చుట్లు తిరిగి బయటికి వస్తుందో లెక్కపెట్టడం చాలా ముఖ్యం, గన్‌తో విప్పితే ఆ లెక్క దొరకదు. మిగిలిన మూడు నట్లూ అయిదు చుట్లకే ఊడి చేతిలోకి వచ్చాయి. ఈ కారు స్టడ్ కొలత ఎం12 × 1.25, అంటే ఒక్కో చుట్టుకు నట్టు 1.25 మిల్లీమీటర్లు కదులుతుంది. అయిదు చుట్లంటే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు మర మాత్రమే పట్టి ఉందన్నమాట. స్టడ్ మందం ఎంతో కనీసం అంత పొడవున మర పట్టాలన్నది మా పనిలో అందరూ పాటించే నియమం. ఆ లెక్కన 12 మిల్లీమీటర్లు, అంటే దాదాపు పది చుట్లు ఉండాలి. స్పేసర్ తీసి అదే అల్లాయ్‌ను నేరుగా హబ్ మీద పెట్టి చూస్తే అదే నట్టు పదమూడు చుట్లు ఎక్కింది. 10 మిల్లీమీటర్ల పలక ఎనిమిది చుట్ల మరను మింగేసింది.

నాలుగో స్టడ్‌కు నట్టు వదులై పడిపోలేదు, స్టడ్ తెగింది. నట్టు కూర్చునే చోట, మొదటి మర దగ్గర విరిగి, కొన నట్టుతో పాటే పోయింది. విరిగిన ముఖాన్ని బట్టతో తుడిచి లైటు కింద చూస్తే రెండు రకాల ఉపరితలం స్పష్టంగా కనిపించింది. ఒక అంచు నుంచి సగానికి పైగా నునుపుగా, గోధుమ రంగు తుప్పు పట్టి, ఒకదాని పక్కన ఒకటిగా సన్నని వంపు గీతలతో ఉంది. మిగిలిన చిన్న భాగం మాత్రం కొత్తగా విరిగిన ఉక్కులా గరుకుగా మెరుస్తోంది. ఆ వంపు గీతలు పగులు కొద్దికొద్దిగా లోపలికి పాకిన ఆనవాళ్ళు. అంటే ఆ స్టడ్ ఒక్క గుంత దెబ్బకు విరిగింది కాదు. చాలా కాలంగా ప్రతి చక్రం తిప్పులోనూ కొంచెం వంగుతూ, లేస్తూ, చివరికి మిగిలిన కాస్త లోహం బరువు మోయలేక తెగిపోయింది.

సాదా స్పేసర్ రకరకాల కార్లకు సరిపోయేలా తయారుచేసింది కాబట్టి స్టడ్‌ల కోసం గుండ్రటి రంధ్రాలకు బదులు పొడవాటి గాడులు ఉన్నాయి. ఈ కారు స్టడ్‌లు 100 మిల్లీమీటర్ల వృత్తం మీద నాలుగు ఉంటాయి. వేరే పీసీడీ (స్టడ్‌లుండే వృత్తం వ్యాసం) ఉన్న కార్లకూ పనికిరావాలని గాడులు సాగదీయడంతో, సరిగ్గా నట్టు ఒత్తిడి పడే చోటే లోహం తక్కువైంది. పగుళ్ళను బయటపెట్టే ఎర్రటి డై పెనెట్రెంట్ పూసి, తుడిచి, తెల్లటి డెవలపర్ చల్లితే ఒక గాడి మూల నుంచి బయటి అంచు వైపు వెంట్రుకవాసి పగులు ఎర్రగీతగా పైకి తేలింది. పోత పోసిన అల్యూమినియంలో ఇలాంటి పగులు మామూలు కంటికి కనిపించడం కష్టం.

హబ్‌కూ స్పేసర్‌కూ మధ్య తెల్లటి పొడి, ఎర్ర తుప్పు పొరలుగా పేరుకున్నాయి. అల్యూమినియం, ఉక్కు ఒకదానికొకటి తగిలి ఉన్న చోట ఉప్పుగాలి, తేమ చేరితే ఈ పొడి తొందరగా తయారవుతుంది. సముద్రతీర పట్టణాల కార్లలో దీన్ని తరచూ చూస్తుంటాము.

వెనుక చక్రాల్లో మరో రకం లోపం

వెనుకవైపు స్పేసర్లు చూడటానికి మందంగా, గట్టిగా ఉన్నాయి. వీటిని కారు స్టడ్‌లకు ఒక వరుస నట్లతో బిగించి, స్పేసర్‌కున్న సొంత స్టడ్‌లకు చక్రాన్ని మరో వరుస నట్లతో బిగిస్తారు. మర చాలకపోవడమన్న సమస్య వీటిలో ఉండదు కాబట్టి ఇవే సురక్షితమని చాలామంది నమ్ముతారు. ఈ కారులో మాత్రం డ్రమ్ము మీద నుంచి కంపెనీ స్టడ్ 24 మిల్లీమీటర్లు ముందుకు వచ్చి ఉంది, స్పేసర్ మందం 20 మాత్రమే. అందువల్ల నాలుగు స్టడ్ కొనలూ స్పేసర్ ముఖం కంటే 4 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చాయి. ఆ కొనలు దూరేందుకు అల్లాయ్ వెనుక భాగంలో గుంటలు ఉన్నాయి గాని, వాటి లోతు 3 మిల్లీమీటర్లే. చక్రాన్ని తిప్పి చూస్తే ఆ గుంటల అడుగున నాలుగు చోట్లా స్టడ్ కొన ముద్రలు దిగి ఉన్నాయి. స్పేసర్ ముఖం మీద ఆనాల్సిన చక్రం నాలుగు మొనల మీద నిలబడి ఉంది. నట్లు ఎంత బిగించినా ఆ బిగింపు రెండు ముఖాలను కలపలేదు, మెత్తటి అల్యూమినియంలోకి మొనలను దింపడానికే ఖర్చయింది.

కుడి వెనుక స్పేసర్‌లో ఒక స్టడ్, నట్టుతో పాటు తానూ తిరిగింది. ఈ స్టడ్‌లకు అడుగున సన్నని పళ్ళుంటాయి, వాటిని అల్యూమినియం రంధ్రంలోకి ప్రెస్సు మీద నొక్కి కూర్చోబెడతారు. ఒకసారి మితిమీరిన బలంతో ఎయిర్ గన్ వాడితే ఆ పళ్ళు రంధ్రాన్ని అరగదీసి పట్టు వదులుతాయి. ఆ తర్వాత నట్టు బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది, నిజానికి బిగింపు ఉండదు. ఇంకా లోపల, స్పేసర్‌ను డ్రమ్ముకు పట్టి ఉంచే నట్లలో రెండు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) పెట్టగానే కదిలాయి. చక్రం బిగించి ఉన్నంతకాలం ఆ నట్లను ఎవరూ చూడలేరు, ముట్టుకోలేరు. ఇంట్లో నుంచి బయలుదేరే ముందు ఎంత జాగ్రత్తగల మనిషైనా పైనున్న నట్లనే చూసుకుంటాడు. ఈ కేసులో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఈ అంశమే.

బిగింపు ఎందుకు ఇంత ముఖ్యం

కారు బరువును స్టడ్‌లు మేకుల్లా మోస్తున్నాయనుకోవడం మామూలే. నిజానికి నట్టు బిగించినప్పుడు స్టడ్ కొద్దిగా సాగి, స్ప్రింగులాగా చక్రాన్ని హబ్ ముఖానికి అదిమి పట్టుకుంటుంది. ఆ ఒత్తిడి వల్ల రెండు ముఖాల మధ్య పుట్టే ఘర్షణే బరువును, బ్రేకు బలాన్ని, గుంతల దెబ్బలను మోస్తుంది. ఈ కారు మాన్యువల్ ప్రకారం వీల్ నట్టు టార్క్ 85 న్యూటన్ మీటర్లు. మామూలు ఘర్షణ లెక్కతో చూస్తే దానివల్ల ఒక్కో స్టడ్‌లో దాదాపు 35 వేల న్యూటన్ల బిగింపు, నాలుగింటికీ కలిపి లక్షా నలభై వేల న్యూటన్లు వస్తాయి. ఘర్షణ గుణకం 0.15 అనుకున్నా 21 వేల న్యూటన్ల వరకు ముఖాలు జారవు. ఈ కారులో ఒక ముందు చక్రం మీద పడే బరువు సుమారు 300 కిలోలు, అంటే మూడు వేల న్యూటన్లు. గుంతల్లో, గట్టి బ్రేకుల్లో బలం ఎన్నో రెట్లు పెరిగినా సరిపోవడానికే ఇంత వెసులుబాటు ఇస్తారు.

అయితే ఇంత బలం నిలిచేది ఎంత చిన్న సాగుదల మీదో చాలామంది గమనించరు. ఎం12 స్టడ్ మీద 35 వేల న్యూటన్లు పడితే, పట్టు పొడవు 30 మిల్లీమీటర్లనుకుంటే, అది సాగేది దాదాపు 0.05 మిల్లీమీటర్లు, పలచటి కాగితం మందం కంటే తక్కువ. హబ్‌కూ స్పేసర్‌కూ మధ్య ఒక పొర, స్పేసర్‌కూ చక్రానికీ మధ్య మరో పొర ఉండి, వాటిలోని తుప్పు, పొడి, రంగు అన్నీ కలిసి నాలుగైదు వందల కిలోమీటర్ల ప్రయాణంలో 0.025 మిల్లీమీటర్లు నలిగినా బిగింపులో దాదాపు సగం పోతుంది. నట్టు ఒక్క మిల్లీమీటరు కూడా తిరగనవసరం లేదు. బిగింపు తగ్గాక ముఖాలు జారడం మొదలవుతుంది, అప్పటి నుంచి స్టడ్‌లు నిజంగానే మేకుల్లా బరువు మోయాల్సి వస్తుంది. దానికి అవి తయారుచేసినవి కావు. ఈ కారులో పగులు పుట్టింది ఆ దశలోనే. బ్రేకు వేసినప్పుడు వినిపించిన టక్కుమనే శబ్దం చక్రం హబ్ మీద జారి స్టడ్‌లకు కొట్టుకున్న శబ్దం.

యంత్రం సున్నా చూపించినా వణుకు ఎందుకు

ఈ స్విఫ్ట్ హబ్ మధ్య భాగం కొలత 54.1 మిల్లీమీటర్లు. యజమాని కొన్న అల్లాయ్ మధ్య రంధ్రం 73.1. అన్ని కార్లకూ అమ్మేందుకు చేసే చక్రాల్లో మధ్య రంధ్రం ఇలా పెద్దగానే ఉంటుంది. ఆ ఖాళీని పూడ్చడానికి ప్లాస్టిక్ లేదా అల్యూమినియం సెంట్రింగ్ రింగులు వేయాలి. ఇక్కడ రింగులు లేవు, ఉన్నా పనిచేసేవి కావు. ఎందుకంటే హబ్ మధ్య నుంచి ముందుకు పొడుచుకొచ్చే అంచు పొడవు మొత్తం ఆ 10 మిల్లీమీటర్ల సాదా స్పేసర్ లోపలే అయిపోయింది, చక్రం కూర్చోవడానికి ఏమీ మిగల్లేదు. స్పేసర్‌కైనా సొంత అంచు ఉంటే చక్రం దాని మీద కూర్చునేది. ఈ రకానికి అది కూడా లేదు. చక్రాన్ని మధ్యకు తెచ్చే పని పూర్తిగా శంఖు ఆకారపు నట్ల మీద పడింది, అవీ అయిదు చుట్ల మరతో.

డయల్ గేజ్ పెట్టి చూస్తే, కారు మీద బిగించిన చక్రం రిమ్ 1.1 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడింది. అదే చక్రాన్ని బ్యాలెన్సింగ్ యంత్రం మీద పెడితే 0.2 మాత్రమే. యంత్రం చక్రాన్ని మధ్య రంధ్రంలో కోన్ పెట్టి పట్టుకుంటుంది కాబట్టి అక్కడ అది సరిగ్గా మధ్యలో తిరుగుతుంది. కారు మీద మాత్రం కేంద్రం సుమారు అర మిల్లీమీటరు పక్కకు జరిగి ఉంది. అల్లాయ్, టైరు కలిపి 16 కిలోలనుకుంటే, ఆ అర మిల్లీమీటరు రిమ్ అంచున 40 గ్రాముల సీసం ముక్క అదనంగా అంటించినదానితో సమానం. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఈ టైరు సెకనుకు 13 సార్లు తిరుగుతుంది, ప్రతి తిప్పులోనూ అయిదున్నర కిలోల బలం స్టీరింగ్‌ను కుదుపుతుంది. ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేసినా ఆ తేడా యంత్రానికి కనిపించదు. అలైన్‌మెంట్ యంత్రానికీ అంతే. అది టో, క్యాంబర్, క్యాస్టర్ కోణాలను కొలుస్తుంది, చక్రం హబ్ నుంచి ఎంత బయటికి జరిగిందో, నట్టుకు ఎంత మర పట్టిందో చెప్పదు.

బేరింగ్, స్టీరింగ్ మీద పడిన భారం

డిక్కీలోని స్టెప్నీ చక్రం మీద ఈటీ 45 అని ముద్ర ఉంది, కొత్త అల్లాయ్‌ల మీద ఈటీ 38. ఈటీ అంటే చక్రం మధ్య గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం వరకు మిల్లీమీటర్లలో దూరం. అది తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. అల్లాయ్ వల్ల 7, స్పేసర్ వల్ల 10 కలిపి ముందు చక్రం మధ్య గీత 17 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. బేరింగ్ మీద మూడు వేల న్యూటన్ల బరువు 17 మిల్లీమీటర్ల దూరంలో వేలాడితే నిలబడి ఉన్నప్పుడే 51 న్యూటన్ మీటర్ల మెలి అదనంగా పడుతుంది, గుంతలో బరువు మూడింతలైతే అదీ మూడింతలవుతుంది. ఎడమ ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్‌లో ప్లే (వదులు) చేతికి తెలిసింది, స్ప్రింగు మీద చెయ్యి వేసి చక్రాన్ని తిప్పితే గరగరమనే అదురు తగిలింది. కుడివైపు ప్లే లేదు గాని తిప్పినప్పుడు పూర్తి నునుపుగానూ లేదు. ఈ అరుగుదల అంతా స్పేసర్ వల్లనే అని చెప్పను. కారు వయసు, రోడ్లు కూడా కారణమే. కానీ స్పేసర్ దాన్ని తొందరపెట్టిందని చెప్పగలను.

మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే సస్పెన్షన్) ఉండి ముందు చక్రాలతో నడిచే కార్లలో, స్టీరింగ్ తిరిగే అక్షం నేలను తాకే చోటుకూ టైరు మధ్యకూ ఉన్న దూరాన్ని తయారీదారు చాలా తక్కువగా ఉంచుతాడు. చక్రం బయటికి జరిగితే ఆ లెక్క చెదురుతుంది. ఒకవైపు టైరు ఇసుక మీద, మరోవైపు తారు మీద ఉన్నప్పుడు బ్రేకు వేస్తే స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది, గుంతలో పడితే ఎదురు తన్నుతుంది. యజమానిని అడిగితే ఆ రెండూ ఉన్నాయన్నారు, కొత్త టైర్ల స్వభావమనుకున్నారట. ఇది నిజాయితీగా చెప్పాల్సిన విషయం: స్పేసర్ లేకుండా ఈటీ 28 చక్రాన్ని నేరుగా బిగించినా బేరింగ్, స్టీరింగ్ మీద ఇదే ప్రభావం ఉంటుంది. తేడా ఏమిటంటే ఆ చక్రంలో అదనపు జాయింట్ ఉండదు, మర తగ్గదు, కంటికి కనబడని నట్లు ఉండవు.

చేసిన పని

నాలుగు స్పేసర్లూ తీసేశాము. ముందు ఎడమ హబ్‌కు తెగిన ఒక్క స్టడ్‌నే మార్చితే చాలు కదా అని యజమాని అడిగారు. నాలుగూ మార్చాలని పట్టుబట్టాము. ఒకటి తెగేదాకా మిగిలిన మూడూ అదే వంపులను, అంతకంటే ఎక్కువ భారాన్ని మోశాయి, వాటిలో పగులు మొదలయిందో లేదో బయటి నుంచి తెలియదు. ఆ హబ్ బేరింగ్ కొత్తది వేశాము. హబ్ ముఖాలు, డ్రమ్ము ముఖాలు వైరు బ్రష్‌తో లోహం కనిపించేదాకా శుభ్రం చేసి, హబ్ అంచుకు మాత్రం పలచగా గ్రీజు రాశాము. స్టడ్ మరలకు గ్రీజు, ఆయిల్ రాయలేదు. మరలు జారుడుగా ఉంటే అదే 85 న్యూటన్ మీటర్ల టార్క్‌కు స్టడ్ అవసరానికి మించి సాగిపోతుంది.

అల్లాయ్‌లు వెనుక కూడా నేరుగా హబ్ మీద పెట్టినప్పుడు స్ట్రట్‌కు, లోపలి లైనర్‌కు టైరు తగలకుండా చోటుందో లేదో పూర్తి స్టీరింగ్ తిప్పి, సస్పెన్షన్‌ను నొక్కి చూశాము. చోటు సరిపోయింది. అంటే ఈ కారుకు స్పేసర్ల అవసరమే లేదు. 73.1 నుంచి 54.1కు సెంట్రింగ్ రింగులు వేసి, నట్లను ఎదురెదురుగా రెండు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించాము. రిమ్ ఆట 0.2కు వచ్చింది. హైవే మీద 100 వేగంలో స్టీరింగ్ నిలకడగా ఉంది.

స్పేసర్లు ఎప్పుడు సమంజసం

స్పేసర్ అన్న ప్రతిదీ చెడ్డదని నేను అనను. పోర్షే కంపెనీ కొన్ని 911 నమూనాలకు కంపెనీ నుంచే స్పేసర్లు ఇచ్చింది. వాటితో పాటు తగిన పొడవున్న బోల్టులు, హబ్‌కు సరిగ్గా సరిపోయే కొలత, బేరింగ్ భారం లెక్క అన్నీ ఆ కంపెనీ బాధ్యత. జర్మనీలో అయితే సాధారణంగా ఇలాంటి మార్పును అధీకృత తనిఖీ సంస్థ చూసి ఆమోదించాలి. పెద్ద బ్రేక్ క్యాలిపర్‌కు చక్రం తగలకుండా చూడటం వంటి నిజమైన అవసరాలూ ఉంటాయి. అలాంటప్పుడు ఆ కారు పీసీడీకే తయారైన, హబ్ మీద బిగుతుగా కూర్చుని తనకూ సొంత సెంట్రింగ్ అంచు ఉన్న, ఫోర్జింగ్ చేసిన 6061-టీ6 వంటి అల్యూమినియం స్పేసర్‌ను, పొడవైన స్టడ్‌లతో వేయాలి. బోల్ట్-ఆన్ రకమైతే కారు స్టడ్ స్పేసర్ ముఖం దాటుతుందో లేదో, దాటితే అల్లాయ్ గుంట లోతు ఎంతో వెర్నియర్‌తో కొలిచాకే కొనాలి. వేసిన తర్వాత వంద కిలోమీటర్లలోపు చక్రం విప్పి, లోపలి నట్లను కూడా టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూడాలి, ఆ పని ప్రతి సర్వీసుకూ చేయించుకోవాలి. ఇంత శ్రమకు సిద్ధపడనివారు స్పేసర్ వేయకుండా సరైన ఈటీ ఉన్న చక్రమే కొనుక్కోవడం మంచిది.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినదానికి భిన్నంగా అయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ చట్టం అనుమతించని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతుంది. ప్రమాదం జరిగితే బీమా సర్వేయర్ విరిగిన స్టడ్ పక్కన స్పేసర్‌ను చూస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడే అవకాశం ఉందని యజమానికి వివరించాము.

పాత స్పేసర్లను ఎవరికైనా అమ్ముతానని ఆయన మొదట అన్నారు. డై పెనెట్రెంట్ గీతను దగ్గరి నుంచి చూపించాక మా దగ్గరే వదిలేశారు. ఆ పగిలినదాన్ని కోసి స్క్రాప్‌కు వేశాము, స్టడ్ తిరిగిపోయిన వెనుక స్పేసర్‌నూ అలాగే. పని పూర్తయ్యాక నట్ల బిగింపు మళ్ళీ చూసే మొదటి తనిఖీకి వచ్చినప్పుడు పదహారు నట్లలో ఒక్కటి కూడా 85 దగ్గర కదలలేదు. కుడి ముందు బేరింగ్‌ను ఇంకా మార్చలేదు. దాని అదురు పెరిగితే, లేదా వేగంతో పాటు హోరు వినిపిస్తే వెంటనే రమ్మని చెప్పి, వచ్చే సర్వీసులో దాన్ని ముందుగా చూడాలని కార్డు మీద రాసి ఇచ్చాము.